కొట్టివేత ఏ పేజీలో ఉంది?



ఈ బల్ల మీదున్న రేకు డబ్బాను మీలో చాలామంది గుర్తుపట్టే ఉంటారు. ఒకప్పుడు బిస్కెట్ల డబ్బా. ఇక్కడ లెక్కలు చెప్పిన మాస్టారు ఈ బడిలో ఉన్నన్నాళ్ళూ స్టాఫ్ రూములో ఆయన కుర్చీ పక్కన కిటికీలో ఉండేది. లోపలున్నవి చీటీలు. పాత శుభలేఖల్ని సగానికి కత్తిరించి, అచ్చు లేని వైపు ఆయన రాసుకున్నవి. మాస్టారు పోయాక వాళ్ళమ్మాయి దీన్ని తెచ్చి, "నాన్నగారు మీకిమ్మన్నారండీ" అని నా చేతిలో పెట్టింది. ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు బీజగణిత చరిత్ర మీద మాట్లాడదామనుకున్నాను. డబ్బా తెరిచి చీటీలు చదివాక, చెప్పాల్సింది వేరే ఉందనిపించింది. బీజగణితం నేర్చుకునే పిల్లకు ఒక విషయం కావలసి వస్తే అది ఎక్కడ దొరకాలి, దాన్ని ఏ పేరు కింద పెట్టాలి అన్నది ఇవాళ నా మాట.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో ఒక సూత్రావళి తయారుచేశాను. వర్గ సమీకరణాలు, శ్రేఢులు, ద్విపద సిద్ధాంతం, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, అన్నీ అధ్యాయాల వారీగా. ప్రతి సూత్రం చుట్టూ గీత గీసిన పెట్టె. ఎంతో శ్రద్ధగా చేశాననుకున్నాను. ఒకరోజు ఒక అమ్మాయి ఆ పుస్తకం, తన నోటుబుక్కూ పట్టుకుని వచ్చింది. లెక్క చిన్నదే. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు 5 ఎక్స్. ఆమెకు జవాబు 5 అని వచ్చింది. కీలో సున్నా, 5 అని రెండున్నాయి. "సార్, సున్నా ఎక్కణ్ణించి వచ్చింది? మీ పుస్తకంలో ఎక్కడ చూడాలి?" అని అడిగింది.

ఎక్కడ చూడాలో నేనూ చెప్పలేకపోయాను. వర్గ సమీకరణాల అధ్యాయంలో సూత్రం ఉంది, విచక్షణి ఉంది, మూలాల మొత్తం, మూలాల లబ్ధం ఉన్నాయి. ఆ అమ్మాయి తడబడింది అక్కడ కాదు. రెండు వైపులా ఎక్స్ కనబడగానే కొట్టేసింది. కొట్టేసిన చోటే సున్నా జారిపోయింది. నా పుస్తకంలో "కొట్టివేత" అన్న మాటే లేదు. తరగతిలో మనం రోజుకు ఇరవై సార్లు అనే మాట, పుస్తకంలో ఒక్కచోట కూడా లేదు.

మాస్టారి డబ్బాలో పైనే ఉన్న చీటీ శీర్షిక "రెండు వైపులా కొట్టేశాను". దాని కింద ఆయన రాసింది ఇంతే: దేనితో కొట్టావు? అది సున్నా కావడానికి వీలుందా? వీలుంటే కొట్టకు. అంతా ఒకవైపుకు తెచ్చి, ఉమ్మడిది బయటికి తియ్యి. కింద మూలలో ఒక బాణం గుర్తు, దాని పక్కన "లబ్ధం సున్నా అయితే" అని ఇంకో చీటీ పేరు. ఆ చీటీ తీస్తే, రెండు రాశుల లబ్ధం సున్నా అయినప్పుడు వాటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలన్న సంగతీ, లబ్ధం 6 అయితే అలాంటిదేమీ చెప్పలేమన్న హెచ్చరికా ఉన్నాయి. కొట్టివేత చీటీ వెనకవైపు ఇంకో రకం తప్పు రాసిపెట్టారు. ఎక్స్ ప్లస్ 3 బై వై ప్లస్ 3 అని ఉంటే పిల్లలు పైన 3, కింద 3 కొట్టేస్తారు. గుణకారంలో ఉన్నదాన్నే కొట్టొచ్చు, కూడికలో ఉన్నదాన్ని కొట్టకూడదు అని రాసి, కింద 1 ప్లస్ 3 బై 2 ప్లస్ 3 వేసి చూపించారు. ఐదో వంతులు నాలుగు. కొట్టేస్తే సగం. ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

నేను అధ్యాయాల పేర్లతో సర్దాను, ఆయన పిల్లల నోటి మాటలతో సర్దారు. "అటు పంపితే గుర్తు మారుతుంది" అన్నది కూడా ఒక చీటీ శీర్షికే. పాఠ్యపుస్తకంలో దాన్ని పక్షాంతరం అంటారు. పక్షాంతరం అనే పేరు తెలిసిన పిల్లకు పక్షాంతరం గురించి వెతికే అవసరం సాధారణంగా ఉండదు. మైనస్ 3 ఎక్స్ ఈక్వల్ టు 12 అన్నప్పుడు, ఆ మైనస్ 3ను అటు పంపుతూ గుర్తు కూడా మార్చి, జవాబు 4 అని రాసే పిల్లవాడికి తెలిసింది "అటు పంపడం" ఒక్కటే. వాడు వెతికితే ఆ మాట కిందే వెతుకుతాడు. కూడికలో ఉన్నదాన్ని అటు పంపడమంటే రెండు వైపులా ఒకే రాశిని కలపడమనీ, గుణకారంలో ఉన్నదాన్ని పంపడమంటే రెండు వైపులా భాగించడమనీ అక్కడ వాడికి కనబడాలి. వెతికేవాడికి పేరు తెలియదు. తెలిసినవాళ్ళం మనం ఈ సంగతి మర్చిపోయి, మనకు తెలిసిన పేర్లతో అలమర సర్దుతాం.

అటు పంపడం చిన్న మాటేమీ కాదు. 9వ శతాబ్దం మొదటి భాగంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులో ఉన్న అల్ జబ్ర్ అంటే దాదాపు ఇదే. ఒక పక్షంలో తీసివేతగా ఉన్నదాన్ని రెండో పక్షంలో కలిపి పూడ్చడం. ఆల్జీబ్రా అనే పేరు పుట్టింది అక్కణ్ణించే. అంటే ఒక శాస్త్రానికి విద్యార్థి చేతిపని పేరే పెట్టారన్నమాట. మన సంప్రదాయంలో దాన్నే బీజగణితం, అవ్యక్త గణితం అన్నారు. ఇది పండితుడి వైపు నుంచి పెట్టిన పేరు.

ఆ గ్రంథాన్ని సర్దిన తీరు చూడండి. అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలను ఆరు రకాలు చేశాడు. వర్గాలు మూలాలకు (అంటే ఎక్స్‌లకు) సమానం, వర్గాలు సంఖ్యకు సమానం, మూలాలు సంఖ్యకు సమానం, వర్గాలూ మూలాలూ కలిపి సంఖ్యకు సమానం, ఇలాగ. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ ఈక్వల్ టు 39 అన్నది ఆయన ప్రసిద్ధ ఉదాహరణ, జవాబు 3. మైనస్ 13 కూడా సరిపోతుంది కానీ ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోడు. ఆయన పుస్తకంలో ఋణ సంఖ్యలకు చోటు లేదు. ఆరు రకాలు కావలసి వచ్చిందీ అందుకే. గుణకం ఎప్పుడూ ధనమే కావాలంటే, ఏ పదం ఏ వైపున ఉందన్నదాన్ని బట్టి రకం మారిపోతుంది.

అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు, 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధన, ఋణ, శూన్యాలతో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో నియమాలు రాశాడు. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యమేనన్న నియమం ఒకటి నిలబడలేదు కానీ, తక్కినవి ఇవాళా మనం వాడేవే. ఋణ గుణకాన్ని ఒప్పుకున్నాక, వర్గమూ మూలమూ సంఖ్యా మూడూ ఉన్న మూడు రకాలకు ఒకే నియమం చాలుతుంది. సర్దడం గురించి నేను నేర్చుకున్న పెద్ద పాఠాల్లో ఇదొకటి. అరలు ఎక్కువయ్యాయంటే, చాలాసార్లు ఒక భావం ఇంకా చేతికందలేదని అర్థం. భావం అందితే అరల మధ్య గోడలు వాటంతట అవే పడిపోతాయి.

అయితే గోడలు లేకపోవడమే మంచిదని తొందరపడి అనలేం. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ప్రకీర్ణక వ్యవహారం అని ఒక అధ్యాయం రాశాడు. అందులో లెక్కలు పది జాతులు. భాగజాతి, శేషజాతి, మూలజాతి, శేషమూలజాతి, ఇలా. మూలజాతి అంటే, తెలియని రాశిలో దాని వర్గమూలానికి ఇన్ని రెట్లు పోగా ఇంత మిగిలింది, మొత్తం ఎంత అని అడిగే లెక్క. భాస్కరాచార్యుడి లీలావతిలో ఇలాంటిది ఒకటుంది. హంసల గుంపులో వర్గమూలానికి మూడున్నర రెట్లు తీరాన ఉన్నాయి, రెండు నీళ్ళలో ఉన్నాయి, మొత్తం ఎన్ని? పదహారు. పదహారుకు మూలం నాలుగు, నాలుగు మూడున్నరలు పద్నాలుగు, మిగిలినవి రెండు.

మహావీరుడి ఈ గ్రంథాన్ని సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని ప్రసిద్ధి. మన భాషలో శాస్త్ర గ్రంథాలు మొదలైన తొలినాళ్ళలోనే లెక్కల పుస్తకం ఒకటి ఉందంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. ఆ పది జాతుల్లో చాలావాటిని ఇవాళ ఒక్క వర్గ సమీకరణం కిందికి తేవచ్చు. కానీ చదువుకునేవాడు లెక్క చూసి "ఇది ఏ జాతి?" అని అడిగే అలవాటు అక్కడ మొదలైంది. ఇప్పటి గైడుల్లో మోడల్ 1, మోడల్ 2 అంటాం. ప్రవేశ పరీక్షల పుస్తకాల్లో బిట్లు కూడా అలాగే సర్ది ఉంటాయి. మోడళ్ళను పెద్దలు చులకన చేస్తుంటారు. నేను చేయను. కళ్ళకు కనిపించే రూపాన్ని పట్టుకుని వెతకడం నేర్చుకునేవాడి హక్కు. మోడల్ దగ్గరే ఆగిపోతేనే నష్టం. ఈ మోడలూ పక్క మోడలూ లోపల ఒకటేనని చెప్పే దారి ఆ పేజీలో లేకపోవడమే లోపం. మాస్టారి బాణాలు చేసింది ఆ పనే. శీర్షిక పిల్లవాడి చూపు నుంచి ఉంటుంది, బాణం భావం వైపు తీసుకెళుతుంది.

బీజగణితాన్ని సర్దినవాళ్ళలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు భాస్కరుడు. బీజగణిత గ్రంథం చివర ఆయన తన ఉద్దేశం చెప్పుకున్నాడు. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రాసిన బీజగణితాలు చాలా విస్తారంగా ఉన్నాయనీ, వాటి సారం తీసి విద్యార్థుల కోసం కూర్చాననీ. ఆ కూర్పు వరస చూడండి. ముందు ధన ఋణాల పరికర్మలు, తర్వాత శూన్యం, తర్వాత అవ్యక్త రాశులు, కరణులు, కుట్టకం, వర్గప్రకృతి, చక్రవాళం, ఆ పైన ఒకే అవ్యక్తమున్న సమీకరణాలు, మధ్యమాహరణం అనే వర్గ సమీకరణాలు, చివరికి అనేక వర్ణ సమీకరణాలు, భావితం. పనిముట్లన్నీ ముందు చేతికిచ్చి, పని తర్వాత చెబుతాడు.

ఆ మధ్యమాహరణంలో ఆయన శ్రీధరుడి సూత్రాన్ని పేరు చెప్పి మరీ ఇచ్చాడు. శ్రీధరుడి బీజగణితం మనకు దక్కలేదు. ఈ సూత్రం ఆయన పేరుతో మన చేతికి వచ్చిందంటే, ఒక సంకలనకర్త ఎవరి సొమ్ము వాళ్ళ పేరున రాసిపెట్టడం వల్లే. సూత్రం ఇది. వర్గ గుణకానికి నాలుగు రెట్లతో రెండు పక్షాలనూ గుణించు, అవ్యక్త గుణకపు వర్గాన్ని రెండు పక్షాలకూ కలుపు, మూలం తియ్యి.

వెనక బెంచీల మీద కూర్చున్న పదో తరగతి పిల్లలూ, ఇది మీకోసం. 3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ఈక్వల్ టు 2 అనుకోండి. వర్గం పూర్తిచేసే పద్ధతిలో మీరు మొదట 3తో భాగిస్తారు. మూడో వంతులు ఐదు వస్తుంది, దాన్లో సగం ఆరో వంతులు ఐదు, దాని వర్గం ముప్పై ఆరో వంతులు ఇరవై ఐదు. సగంమంది అక్కడే తప్పిపోతారు. శ్రీధరుడు చెప్పినట్టు 3కు నాలుగు రెట్లు, అంటే 12తో గుణించండి. 36 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 60 ఎక్స్ ఈక్వల్ టు 24. రెండు వైపులా 25 కలపండి. ఎడమన 6 ఎక్స్ ప్లస్ 5 హోల్ స్క్వేర్, కుడివైపు 49. కాబట్టి 6 ఎక్స్ ప్లస్ 5 ఈక్వల్ టు 7, లేదా మైనస్ 7. ఎక్స్ మూడో వంతు, లేదా మైనస్ 2. జవాబు వచ్చేదాకా ఎక్కడా భిన్నం తగల్లేదు. మీరు బట్టీపట్టే సూత్రంలో బీ స్క్వేర్ మైనస్ 4 ఏసీ లోని ఆ 4 ఎందుకొచ్చిందో ఇప్పుడు కనబడిందా? మాస్టారి డబ్బాలో ఈ చీటీ శీర్షిక "ఆ నాలుగు ఎక్కడిది". వర్గ సమీకరణం అనో శ్రీధరుడు అనో ఆయన రాయలేదు. ఏదో ఒక సంవత్సరం ఎవరో అడిగి ఉంటారు. అడిగిన మాటే శీర్షికైంది.

సూత్రాల సంకలనం అనగానే అందరూ చెప్పే పేరు కార్ పుస్తకం. జార్జ్ షూబ్రిడ్జ్ కార్ లండన్‌లో పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే ట్యూటరు. ఆయన సినాప్సిస్ 1886లో పూర్తిగా వచ్చింది. రామానుజన్‌కు 1903 ప్రాంతంలో, పదహారేళ్ళు నిండకుండానే, కుంభకోణంలో దొరికింది. అందులో ఫలితాలకు వరుసగా నంబర్లుంటాయి. చివరి నంబరు 6165. నడుమ కొన్ని నంబర్లు ఖాళీగా వదిలేశాడు కాబట్టి ఫలితాలు దాదాపు 5 వేలు. నిరూపణలు చాలా క్లుప్తం. చాలాచోట్ల "ఫలానా నంబరు చూడు" అన్నంత వరకే. బీజగణిత భాగం ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ కారణాంకాలతో మొదలవుతుంది. మన ఎనిమిదో తరగతి సూత్రమే.

ఆ పుస్తకం రామానుజన్‌ను తయారుచేసిందనడం అతిశయోక్తే. కానీ నిరూపణల మధ్య ఖాళీలు ఆయన్ని పనిలోకి దించాయి. ఆ నంబర్లు ఒకదాన్నించి ఒకదానికి దారి చూపాయి. తర్వాత ఆయన నోటుబుక్కుల్లోనూ ఫలితాలే ఎక్కువ, నిరూపణలు అరుదు.  ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కార్ నుంచి మనం తీసుకోవాల్సింది నంబర్లు, వెనక్కి చూపే సూచనలు, కొత్తవి చేర్చుకోవడానికి వదిలిన ఖాళీలు. తీసుకోకూడనిది ఆ మౌనం. రామానుజన్‌కు పనికొచ్చింది కదా అని పదిహేనేళ్ళ పిల్లలందరి ముందూ నిరూపణ లేని పట్టిక పెట్టి ఊరుకుంటే, అది వాళ్ళకు చేసే అన్యాయం. నా సూత్రావళి చేసింది సరిగ్గా అదే.

ఇక మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. పదో తరగతిలో బహుపదుల పాఠంలో "శూన్యాలు" అంటాం. వర్గ సమీకరణాల పాఠంలోకి రాగానే అవే "మూలాలు" అవుతాయి. లెక్క చివర రాసేటప్పుడు "సాధన" అంటాం. గ్రాఫు గీస్తే ఎక్స్ అక్షాన్ని వక్రం ఖండించే చోట్లు అవే. పైగా "మూలం" అంటే వర్గమూలం కూడా. ఒక పిల్లవాడు నన్ను, "సార్, సమీకరణ మూలం తీయమంటే రూట్ గుర్తు వేయాలా?" అని అడిగాడు. వాడి సందేహంలో తప్పేమీ లేదు. ఒకే మాటకు రెండర్థాలు, ఒకే అర్థానికి మూడు మాటలు మనమే ఇచ్చాం. ఇవన్నీ ఒకే చీటీ మీద కలుసుకోవాలి, ఆ మాటలన్నిటి కింద నుంచీ ఆ చీటీకి దారి ఉండాలి. తెలుగు అకాడమీ 1968లో మొదలైన దగ్గరనుంచీ పారిభాషిక పదాలు కూర్చడంలో చేసిన సేవ పెద్దది. ఆ పదాలకు వెనక్కి వెళ్ళే దారులు వేయడం మన వంతు.

తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరిన పిల్లలు మొదటి సెమిస్టరులో పడే బాధ నాకు తెలుసు. విచక్షణి తెలుసు, డిస్క్రిమినెంట్ అంటే కొత్తది. నిర్ధారకం తెలుసు, డిటర్మినెంట్ అంటే భయం. వచ్చిన విషయమే రానట్టు కనబడుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లకు ఇంట్లో తాతగారు లెక్క చెప్పబోతే ఇదే చిక్కు తిరగబడి వస్తుంది. పుస్తకం వెనక అకారాది పదసూచికలో డి దగ్గరా వి దగ్గరా రెండుచోట్లా ఆ మాట ఉంటే చాలు. అసలు నేను చూసిన తెలుగు లెక్కల పుస్తకాల్లో చాలావాటికి ముందు విషయసూచికే తప్ప వెనక పదసూచిక ఉండదు. ముందున్నది క్రమంగా చదివేవాడికి. వెనక ఉండాల్సింది మధ్యలో చిక్కుకున్నవాడికి.

సర్దింది సరిగా ఉందో లేదో తేల్చాల్సింది కూడా వాడే. గణితవేత్త ఆయిలర్ చూపు దాదాపు పూర్తిగా పోయిన రోజుల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తన ఆల్జీబ్రాను నోటితో చెప్పి రాయించాడు. జర్మన్ ప్రతి 1770లో వచ్చింది. రాసిపెట్టిన కుర్రాడు కుట్టుపని నేర్చుకుంటూ వచ్చినవాడు, లెక్కల్లో ప్రవేశం లేనివాడు. రాస్తూ రాస్తూ బీజగణితం నేర్చేసుకున్నాడని ఆ పుస్తకం ముందుమాటలోనే ఉంది. ఆ కుర్రాడికి అర్థం కానిచోట ఆయిలర్ ఆగి ఉంటాడనీ, మాట మార్చి ఉంటాడనీ నేను ఊహించుకుంటాను. నా సూత్రావళి అచ్చుకు వెళ్ళేముందు నలుగురు లెక్చరర్లకు చూపించాను. ఒక్క విద్యార్థికి చూపించలేదు.

ఈ డబ్బాలో నాలుగు వందలకు పైగా చీటీలున్నాయి. రెండు నెలలుగా నేనూ, ఈ బడి లెక్కల టీచరమ్మగారూ వాటికి నంబర్లు వేస్తున్నాం. పదేసి చీటీలకు ఐదు నంబర్లు ఖాళీగా వదులుతున్నాం. కొన్నిచోట్ల మాస్టారి బాణం ఉంది, అది చూపించే చీటీ లేదు. "రూట్ బయటికి తీస్తే ప్లస్సా మైనస్సా" అన్న చీటీ నుంచి "మాడ్యులస్" అనేదానికి బాణం ఉంది, ఆ చీటీ ఎంత వెతికినా కనబడలేదు. అసమీకరణాల మీద శీర్షికలు మాత్రమే ఉన్నవి ఆరున్నాయి. "మైనస్‌తో గుణిస్తే మూతి ఎందుకు తిరుగుతుంది" అన్నది వాటిలో ఒకటి, కింద ఏమీ రాయలేదు.

ఉపన్యాసం అయ్యాక డబ్బా ఈ బల్ల మీదే ఉంటుంది. పక్కన కత్తిరించిన శుభలేఖలు, పెన్నులు ఉన్నాయి. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు వచ్చి, ఈ ఏడాది ఏ లెక్క దగ్గర ఆగిపోయారో మీ మాటల్లోనే ఒక చీటీ మీద రాసి వెళ్ళండి. పాఠం పేరు రాయక్కర్లేదు. జవాబు నేనూ టీచరమ్మగారూ రాస్తాం. రాసింది మీకు అర్థమైందో లేదో చూసి, కాకపోతే కొట్టేసి మళ్ళీ రాస్తాం.